పుల్లపురుగు గ్రుడ్డు – శ్రావకుని అహింస

అహింస పరమధర్మమని అందఱును ఒప్పుకొందురు. చంపుట పాపమని జైనుల యింట పిల్లలకు సైతము వేఱుగ బోధింప నక్కరలేదు. కాని ముద్దుగ పెంచుట వలనను హింస సంభవించునా? ఈ ప్రశ్నకు సమాధానము అంత సులభము కాదు. ఒక చిన్న పురుగు దీనికి మంచి పరీక్షగ నిలుచుచున్నది.

ఎండుపుల్లవలె కనుపించు పుల్లపురుగును పాశ్చాత్యదేశములలో బడిపిల్లలును, వేడుకకాండ్రును గాజుపెట్టెలలో పెంచుచుందురు. వారిలో మిక్కిలి ప్రచారమున నున్న జాతి మన దక్షిణదేశపుదే. తమిళనాట కొడైకెనాల్ సమీపమున పళని కొండలలోని శెంబగనూరు ప్రాంతము దాని పుట్టినిల్లు. 1901లో రాబర్ట్ ద సినెటీ దీనిని శాస్త్రరీతిని వర్ణించెను. అది కఱవదు, కుట్టదు, అఱవదు. పగలెల్ల కదలక యుండి, రాత్రివేళ ఆకులు మేయును. ఇట్టి సాధుజంతువును పెంచుటలో దోషమేమని తోచుట సహజమే.

చిక్కు గ్రుడ్డుతో ప్రారంభమగును. ఈ జాతిలో మగవి బహు అరుదు. ఆడది మగదాని పొత్తు లేకయే గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్ల నుండి మరల ఆడవియే పుట్టును. దినమునకు కొన్ని చొప్పున జీవితకాలములో కొన్ని వందల గ్రుడ్లను నేలపై జారవిడుచును. ఒక్కొక్కటి రెండు మూడు మిల్లిమీటర్ల గోధుమవన్నె గింజవలె నుండును. దానికొక మూత, మూతపై లేతపసుపు బొడిపె. ఎఱుగనివారు విత్తనమనియే ఊడ్చి పాఱవేయుదురు. సుమారు నాలుగు నెలలకు, చలి యెక్కువైనచో ఇంకను ఆలస్యముగ, పిల్ల ఆ మూతను త్రోసికొని వెలుపలికి వచ్చును. అంతవరకు పైకి ఏ మార్పును కానరాదు. పిల్ల కాబోవు గ్రుడ్డును, కానిదియు చూపునకు ఒక్కతీరుననే యుండును.

అడవిలో వీనికి శత్రువులు పెక్కు. గాజుపెట్టెలో శత్రువు లేడు. కనుక ఒకటి వందలగును. ఆ వందలలో ప్రతిదియు మరల వందలు పెట్టును. బయట విడిచినచో పరదేశపు తోటలకు చేటు. కాలిఫోర్నియాలోను, దక్షిణాఫ్రికాలోను ఇవి యిట్లే బయటపడి స్థిరపడినవి. అందుచేత అదనపు గ్రుడ్లను గడ్డకట్టు చలిలో నుంచి నశింపజేయుడని పెంపకందార్లకు సలహా యిచ్చుచుందురు. ఆకు తెచ్చి మేపిన చేయియే గ్రుడ్లను మంచుపెట్టెలో పెట్టవలసి వచ్చును.

ఇది హింస కాదనువారు మూడు మాటలు చెప్పుదురు. మగదాని పొత్తు లేని గ్రుడ్డులో జీవమెక్కడిది అనునది మొదటిది. కోడిగ్రుడ్డును శాకాహారమని వాదించువారి మాటయు ఇదియే. కోడి విషయమున ఎట్లున్నను, పుల్లపురుగు ఈ వాదమును పూర్తిగ త్రోసివేయుచున్నది. ఇచ్చట తండ్రి లేకయే బిడ్డ నడచి వచ్చుచున్నది. తండ్రి లేకుండుట జీవము లేకుండుటకు సాక్ష్యము కానేరదు. జీవమున్నదో లేదో తెలియనప్పుడు ఉన్నదనియే మెలగుట జైనుని మార్గము. నీటిని వడగట్టుటయు ఈ న్యాయము చేతనే కదా!

అల్పమైన పురుగునకు ఇంత విచారమేల అనునది రెండవ మాట. ఉమాస్వామి తత్త్వార్థసూత్రమున జీవులను ఇంద్రియములనుబట్టి విభజించెను. చీమకు మూడు, తుమ్మెదకు నాలుగు, మనుష్యునకు ఐదు. పుల్లపురుగునకు స్పర్శ, రుచి, వాసన, చూపు కలవు. కనుక అది తుమ్మెద వరుసలోనిది. అల్పత్వము కంటికే గాని జీవునికి లేదు.

అడవిలోనైనను గ్రుడ్లలో చాలభాగము నశించుచునే యున్నవి కదా అనునది మూడవది. నిజమే. కాని తనంతట నశించుట వేఱు, ఒకడు సంకల్పించి నశింపజేయుట వేఱు. ప్రమాదముతో కూడిన మనోవాక్కాయముల వలన ప్రాణహాని కలుగుటయే హింస యని శాస్త్రము. ఏమరుపాటుతో చేర్చుకొని, ఎక్కువైనవని తెలిసి చంపునప్పుడు రెండు దోషములును కలియుచున్నవి.

పెంపకము వలన మేలు జరిగిన సందర్భము లేకపోలేదు. ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హౌ దీవిలో 1918లో మకాంబో అను ఓడ చిక్కుకొనగా, దాని నుండి ఎలుకలు దిగినవి. కొలది యేండ్లలో అచ్చటి పెద్ద పుల్లపురుగు నశించెనని తలచిరి. 2001లో సమీపమున బాల్స్ పిరమిడ్ అను శిలపై కొన్ని కనబడినవి. 2003లో రెండు జంటలను తెచ్చిరి. మెల్బోర్న్ జంతుశాలకు చేరిన జంట సంతతి వృద్ధిపొంది ఆ జాతి నిలిచినది. ఐనను 2019లో అదే దీవిలో ఎలుకలను విషము పెట్టి చంపిరి. రక్షణకార్యము సైతము హింస నుండి పూర్తిగ తప్పించుకొనలేదు. ఇక కేవల వినోదమునకు ఏమి సమర్థన మిగులును?

అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి. వధ రెండవది; దానికి ముందు చెప్పబడినది బంధము. ఈ వరుసలో ఒక బోధ కలదు. పెట్టెలో బంధించిననాడే వధకు త్రోవ ఏర్పడినది. పరిగ్రహ పరిమాణవ్రతము ధనధాన్యములకే కాదు, ఇంట చేర్చుకొను ప్రాణులకును వర్తింపవలసియున్నది. ఎన్నింటిని కడవఱకు పోషింపగలడో శ్రావకుడు ముందే లెక్కించుకొనవలెను. పుల్లపురుగు విషయమున ఆ లెక్క ఒకటితో ఆరంభమైనను ఒకటితో నిలువదు. ఆడదానిని ఒంటరిగ నుంచినను ప్రయోజనము లేదు. గ్రుడ్లను ఇతరులకు పంచిపెట్టుటయు విముక్తి కాదు. చేయుట, చేయించుట, ఆమోదించుట మూడును ఒక్క దోషమునకే అంగములు.

ఇప్పటికే పెంచుచున్నవారికి నిర్దోషమైన త్రోవ చూపుట కష్టము. పుట్టినవానిని ఆకు పెట్టి ఆయువు తీరువఱకు పోషింపవలెను, క్రొత్తవానిని తేగూడదు, మిగిలిన దోషమునకు ప్రతిక్రమణము చేసికొనవలెను. ఇంకను పెంచనివారికి మార్గము తేలిక. పిల్లలు ఆ పురుగును చూడగోరినచో కొండకో, పొదకో తీసికొనిపోయి చూపవచ్చును. పుల్లయో పురుగో తేల్చుకొనుటకు ఓపికతో నిలుచుటయే వారికి జీవదయలో తొలిపాఠము. చూచి, దానిని దాని కొమ్మపైననే విడిచి వచ్చుట రెండవ పాఠము.