ఇంటిపేరు మారిన పురుగు

యూరప్ సముద్రతీరాల తడి ఇసుకలో బొరియ చేసుకుని బతికే ముళ్ళవెంట్రుకల పురుగొకటుంది. 1758లో లిన్నేయస్ దాన్ని వానపాముల ఇంట చేర్చి ‘లుంబ్రికస్ మారినస్’ అన్నాడు. ముందు ఇంటిపేరు, తర్వాత సొంతపేరు. అచ్చం మనలాగే! తీరా అది వానపాము కాదని తేలాక, 1801లో లామార్క్ పెట్టిన ‘అరెనికోలా’ ఇంటికి మార్చారు. సొంతపేరు తీసెయ్యకూడదని శాస్త్రజ్ఞుల కట్టుబాటు. అయినా లాటిన్ వ్యాకరణం ఊరుకోదు కదా, కొత్తింటికి తగ్గట్టు ‘మారినస్’ కాస్తా ‘మారినా’ అయింది.

పురుగు మాత్రం అదే పురుగు. దాన్నయినా నిశితంగా పరిశీలించాకే మార్చారు. మన ఇంటిపేరు మార్చేముందు మనల్నెవరు పరిశీలించారు? పెళ్ళిచూపుల్లో చూసేవి వేరే లెండి. ఇంతకీ పేరు పెట్టినవాళ్ళదా, మోసేవాళ్ళదా?

ఇల్లు మారిన ఆ పురుగు పేరు పక్కన, మొదట పేరుపెట్టిన లిన్నేయస్‌ని ఇప్పటికీ బ్రాకెట్లలో వేస్తారు. మనలో చాలామందికి పుట్టింటిపేరు ఆఖరుసారి అచ్చయింది శుభలేఖలోనే.