విన్నవాని ఋణము

యంత్రము ఆలోచింపగలదా యని 1950లో ఆలన్ ట్యూరింగను ఆంగ్లేయ గణితవేత్త ప్రశ్నించినది మొదలు నేటివరకు ఆ వాదము తెగలేదు. తెగకున్నను లోకమునకు వచ్చిన నష్టము లేదు. మనకంతకంటె దగ్గరిదైన ప్రశ్న వేరొకటి కలదు. యంత్రము వినగలదా? వినుననియే యొప్పుకొందము, విన్న మనుష్యునకు ఏ బాధ్యత తగులుకొనునో అది యంత్రమునకు తగులుకొనునా? 2025 జనవరిలో మన రాష్ట్రప్రభుత్వము ‘మన మిత్ర’ యను పేర వాట్సప్ ద్వారా పౌరసేవల నందించుట కారంభించెను. ఫోనులో వ్రాసి యడుగుటకును నోటితో నడుగుటకును నడుమ దూర మొక్క యడుగే. కావున శ్రీకాకుళపు ముసలమ్మ తన కష్టమును గుమాస్తాకు మారుగా యంత్రమునకు చెప్పుకొనుట యనునది కవికల్పన కాదు.

యంత్రమునకు చెవి నిచ్చినవారిలో అగ్రగణ్యుడొక తెలుగువాడని మనలో ననేకు లెరుగరు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన దబ్బల రాజగోపాలరెడ్డిగారు, అనగా లోకము రాజ్ రెడ్డి యని పిలుచు నాయన, గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా చేరి, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జాన్ మెకార్తీ శిష్యుడై 1966లో డాక్టరేటు పొందెను. మనుష్యుని కంఠమునుండి వెడలు ధ్వనితరంగమును నేరుగ విశ్లేషించి కంప్యూటరుచేత మాటను గుర్తింపజేయుటయే ఆయన సిద్ధాంతవ్యాసమునకు విషయము. పిమ్మట కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆయన బృందము నిర్మించిన యంత్రవిధానమునకు ‘హియర్‌సే’ యని పేరు. ఆ యింగ్లీషు మాటకు చెప్పగా విన్నది, వదంతి యని యర్థము. పేరు పెట్టినవారికి హాస్యప్రియత్వము లేకపోలేదు. అది యొక పండితసభను బోలియుండెను. ధ్వని నెరిగినవాడొకడు, వాక్యనిర్మాణము నెరిగినవాడొకడు, అర్థము నెరిగినవాడొకడు ఒక్క నల్లబల్లమీదనే తమ తమ యూహలను వ్రాసి, ఒకరి యూహను వేరొకరు దిద్దుకొనుచు, పలికిన వాక్యమేదో నిర్ణయింతురు. 1976 నాటికి అక్కడనే పుట్టిన ‘హార్పీ’ సుమారు వేయి మాటలను గుర్తింపగలిగెను. 1994లో రెడ్డిగారికి ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో గూడ ట్యూరింగు పేరిటి బహుమానము లభించెను.

నేటి పరిశోధకులు పట్టిన త్రోవ వేరు. వారు పండితసభను విడిచి మెదడునే నమూనాగా గైకొనిరి. నాడీకణ మొకటి పలువైపులనుండి ప్రేరణల నందుకొని, వాని మొత్తము ఒక మేరకు మించినపుడు తానును ప్రేరణను పంపును. 1943లో మెకల్లక్, పిట్స్ అనువా రీ పనిని గణితముగా వ్రాసిరి. 1958లో రోజన్‌బ్లాట్ నేర్చుకొనగల యంత్రము నొకదానిని ప్రతిపాదించెను. వచ్చు ప్రతి సంకేతమునకును ఒక తూకము, పొరపాటు జరిగినపుడెల్ల ఆ తూకములను రవ్వంత సవరించుట, కోట్లమార్లు సవరించుట. రహస్య మింతియే. ఈ మార్గమున కృషిచేసిన హాప్‌ఫీల్డ్, హింటన్ గారలకు 2024లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమాన మిచ్చిరి. అయినను పోలిక పోలికయే. మన తలలోని సుమారు 8,600 కోట్ల నాడీకణములు ఒక చిన్నదీపమునకు చాలు 20 వాట్ల శక్తితో పనిచేయుచుండగా, దానిని పోలినదనబడు యంత్రమునకు నేర్పుటకు ఊళ్ల కూళ్లు వాడుకొనునంత విద్యుత్తు వ్యయమగుచున్నది.

మన శాస్త్రకారులు వాక్యార్థజ్ఞానమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి, తాత్పర్యము అని నాలుగు కారణములు చెప్పిరి. ఒక పదము వినగానే తరువాతి పదముకొరకు మనస్సు ఎదురుచూచుట ఆకాంక్ష. నేటి యంత్రము నేర్చిన విద్యలో ముఖ్యమైనది సరిగా నిదియే: రాబోవు మాటను ఊహించుట. సన్నిధియు దానికి తెలియును. నిప్పుతో తడుపుట పొసగదని చెప్పు యోగ్యతయు చాలవరకు పట్టుబడినది. తాత్పర్య మనగా వక్త మనస్సులోని యుద్దేశము. సైంధవము తెమ్మని యజమాను డన్నచో, భోజనవేళ ఉప్పు, ప్రయాణవేళ గుఱ్ఱము అని తర్కశాస్త్రములోని ప్రాతయుదాహరణము. సందర్భము చెప్పినచో యంత్రము దీనిని తేలికగ విడదీయును. కనుక తాత్పర్యము యంత్రమున కెన్నటికిని అందదని గద్దించు సంస్కృతపండితుల పక్షమున నేను నిలువజాలను.

అయితే ఉప్పా గుఱ్ఱమా యని తెలిసికొన్నవానికి పని ముగియలేదు. తేవలెను గదా! ఉద్దానమున కవిటి, సోంపేట ప్రాంతములలో మూత్రపిండవ్యాధి ఏండ్లతరబడి యిండ్లను గూల్చుచున్నది. కారణ మిదియని శాస్త్రజ్ఞులు నేటికిని నిశ్చయింపలేదు. ఆ రోగులకొరకు 2023 డిసెంబరులో పలాసయందు ప్రత్యేకపు టాసుపత్రి తెరవబడినది. ఆ ప్రాంతపు ముసలమ్మ యొకతె “పేనం ఇసిగిపోనాది బాబూ” అన్నదనుకొనుడు. నాలుగు మాటలు కూడ లేని యా వాక్యములో నేమున్నది? రక్తశుద్ధికై మాటిమాటికి బస్సెక్కి పోలేనన్న అలసటయా, కోడలిపై కోపమా, ఇక మందు మానివేసెదనన్న నిర్ణయమా? ఎదుట కూర్చున్న నర్సు మొగము చూచి తెలిసికొనును. తెలిసికొన్న క్షణముననే ఆమెకు బంధము తగులుకొనును. ఆమె యేమియు చేయక యింటికి పోవచ్చును. పోయినచో రాత్రి అన్నము సహింపదు. ఆ అన్నము సహింపకపోవుటనే నేను ఋణమనుచున్నాను. యంత్రము ఆ మూడర్థములలో నొకదానిని నర్సుకంటె నేర్పుగా నెన్నుకొన్నను, దానికి సహింపని యన్నము లేదు.

వినుటకు వెల యెంత యుండునో మన జిల్లావాడే చూపెను. 1863లో శ్రీకాకుళముచెంత పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా నుండి, ఎవరును భాషయని లెక్కింపని సవరభాషను నేర్చిరి. పుస్తకము లేదు, లిపి లేదు, గురువన్నవాడు లేడు. సవరవానిని ఇంట నుంచుకొని, కొండలకు తానే పోయి, మాట వెంట మాటగా వినిరి. వారి పిల్లలకు బడి పెట్టిరి. 1931లో సవరవ్యాకరణము, 1938లో నిఘంటువు వెలువడినవి. కొండజ్వరము తగిలి క్వినైను విశేషముగ మ్రింగుటచే ఆయనకు చెవులు చెడెను. ఇతరుల మాట వినుటకై పోయినవాడు వినికిడిని అక్కడ చెల్లించి వచ్చెను. (వాడుకభాషకై యంతగా పోరాడిన యాయన యీ గ్రాంథికపు వ్యాసమును చూచినచో ఎఱ్ఱసిరాతో నింపియుండును, ఆ ముచ్చట వేరు.) నేడు సవరమాటలాడువారు నాలుగు లక్షలకు పైబడియున్నారు. పరిశోధకుడెవడైన సీతంపేట కొండలకు వచ్చి, గంటలకొలది వారి పలుకులను పట్టుకొనిపోయి, వానితో యంత్రమునకు చెవి యమర్చి పట్టము పొందవచ్చును. పంతులుగారు తీసికొన్నదియు అట్టి పలుకులే. ఆయన బడి పెట్టెను. ఇతడేమి పెట్టును?

దీనికి ప్రతిపక్ష మున్నది. అది తేలికైనది కాదు. మనుష్యుడు వినునని యింతసేపు పొగడితిని గాని, మన కార్యాలయములలో మనుష్యులు నిజముగ వినుచున్నారా? ‘నాను’, ‘నేదు’ అన్నవానిని చూచి నవ్వు గుమాస్తాలు నేటికిని కలరు; మా బడులలో అట్లన్న పిల్లవానిని దిద్దు నెపమున చిన్నబుచ్చు నుపాధ్యాయులును కలరు. యంత్రము నవ్వదు, విసుగుకొనదు, లంచ మడుగదు, కుల మడుగదు. చదువురాని కూలి తన నోటిమాటతోనే ఏలికలను కదలింపగలిగినచో, దానిని మించిన సంస్కారము మన తరమున మఱియొకటి లేదు. రాజ్ రెడ్డిగారు 1980 తరువాతి దశాబ్దమున పారిస్‌లో నొక సంస్థయందు పేదదేశముల ప్రజలకు కంప్యూటరును చేర్చుటకు పాటుపడగా, 1984లో ఫ్రెంచి ప్రభుత్వము ఆయనను సత్కరించినది. ఆ యాశయము నెగతాళి చేయువాడు ఎన్నడును కిటికీముందు చేతులు కట్టుకొని నిలువని వాడై యుండవలెను.

కాని నాకు భయము గుమాస్తాను గూర్చి కాదు, అతని వెనుకనున్న యధికారిని గూర్చి. చెడ్డ గుమాస్తా యెదుట ముసలమ్మ కూర్చుండి యేడ్చినచో, కదలకపోయినందుకు నిందింప నొక మనిషి యుండును. అతని కూతురో తల్లియో ఇంటియొద్ద అడుగవచ్చును. ఆ చోట యంత్రమును నిలిపిన యధికారి, ఏడ్పు తనదాక రాకుండ నొక గోడ కట్టుకొన్నవాడగును. పైగా ఆ గోడ మధురముగ మాటలాడును. “మీ బాధ నాకు అర్థమైనది” అని శుద్ధమైన తెలుగులో చెప్పి ఒక సంఖ్య నిచ్చును. బాధ అర్థమైనదని చెప్పుటకు మనలో నెవరైన వెనుకముందు లాడుదురు; ఏలయన ఆ మాట అన్నతరువాత ఊరక లేచిపోరాదు. ఇంతకాలము ఆ మాటకున్న విలువ ఆ సంకోచములోనే యున్నది. సంకోచములేని నోట దినమునకు లక్షమార్లు వెలువడినచో అది “దయచేసి వేచియుండుడు” అను మాటవలె అరిగిపోవును. ఆపైన నిజముగ అర్థమైన నర్సు అన్నపుడు సయితము ముసలమ్మ నమ్మునా?

డాక్టరేటు పరీక్షాసభలలో ప్రశ్న లడుగు యోగ్యత బడిపంతులుకు లేదు. అడుగనిచ్చినచో యంత్రము నూటికెన్ని మాటలు సరిగ గుర్తించినదని నేనడుగను. దాని నితరు లడుగుదురు. సవరమాటో, ఉద్దానపు మాటో, యంత్రము విన్నది, సంఖ్య యిచ్చినది. అయ్యా, ఆ సంఖ్య చేతబట్టుకొని మఱునాడు ఆ ముసలమ్మ వీధిలోనికి వచ్చి తలుపు తట్టవలసిన మనిషి పేరు మీ సిద్ధాంతవ్యాసములో ఏ పుటలో నున్నది?