ఆకాశంలో రైలు, వంటింట్లో నవ్వు

అమెరికాలోని బానిసత్వాన్ని, అంటే మనుషులను కొని, అమ్మి, వారికి పుట్టిన బిడ్డలను సైతం యజమాని ఆస్తిగా లెక్కగట్టిన వ్యవస్థను, చిన్నపిల్లలకు పరిచయం చేయడానికి చిత్రకారిణి ఫెయిత్ రింగ్‌గోల్డ్ 1992లో వెలువరించిన బొమ్మల పుస్తకంలో ఊహను ఆశ్రయించారు. గాలిలో ఎగురుతున్న కాసీ, బీబీ అనే అక్కాతమ్ముళ్లకు ఆకాశంలో ఒక రైలు ఎదురవుతుంది. తమ్ముడు అందులోకి ఎక్కేస్తాడు, అక్క మాత్రం పారిపోయిన బానిసలు నడిచిన దారినే వెళ్లి అతణ్ని కలుసుకోవాలి. చరిత్రలోని ‘అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్’ రైలుమార్గం కాదు, అటువంటివారిని ఉత్తరాది రాష్ట్రాలకూ కెనడాకూ చేర్చిన రహస్య సహాయకుల వరుస. ఆ దారి చూపినవారిలో హారియట్ టబ్‌మన్ ప్రసిద్ధురాలు. తమ్ముడు దూరమయ్యాడన్న దిగులు అయిదేళ్ల బిడ్డకు కూడా తెలుసు కనుక, కుటుంబాలను విడదీసిన క్రౌర్యాన్ని కొరడా దెబ్బల బొమ్మ లేకుండానే చెప్పవచ్చు.

ఊహ దారి తప్పడమూ లేకపోలేదు. జార్జ్ వాషింగ్టన్ పుట్టినరోజుకు బానిస వంటవాడు హెర్క్యులీస్, అతని కూతురు డీలియా ఉల్లాసంగా కేకు తయారుచేసినట్టు చూపిన పుస్తకాన్ని 2016లో విమర్శల నడుమ ప్రచురణసంస్థ ఉపసంహరించుకుంది. అసలు హెర్క్యులీస్ 1797లో సరిగ్గా ఆ పుట్టినరోజునే పారిపోగా, డీలియా బానిసగానే మిగిలిపోయింది. అతను తప్పించుకున్న సంగతిని రచయిత్రి తన గమనికలో చెప్పకపోలేదు గాని, బొమ్మలు చూసే పిల్లలు గమనికలు చదవరు కదా.