తల్లిదండ్రులు యజమానులా, ధర్మకర్తలా?

బిడ్డను చేయిపట్టుకొని బడి వాకిటి వరకు తీసికొనివచ్చిన తల్లి, అక్కడ ఆ చేయి విడువవలసియే యుండును. వాకిటికి ఇవతల బిడ్డ ఆమె బిడ్డ. అవతల ప్రభుత్వ పాఠశాలలోని విద్యార్థి. ఆ గడప దాటిన పిమ్మట బిడ్డ ఏ భాషలో చదువవలెను, ఏ నియమములకు లోబడవలెను, తప్పు చేసినచో ఎట్టి శిక్ష పొందవలెను అను విషయములను నిర్ణయింపవలసిన వారెవరు? కన్నవారా, ఉపాధ్యాయులా, ప్రభుత్వమా? ఇది చట్టమునకు సంబంధించిన ప్రశ్నగా కనిపించినను, మూలమున ధర్మమునకు సంబంధించినది. దక్షిణాఫ్రికాలో నాలుగైదు తరములుగా స్థిరపడిన తెలుగువారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. అయితే ప్రతి తరమువారును దీనికి తమ సమాధానమును తామే వెదకుకొనవలసి యున్నది.

తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి, చదువు ముగించి ఇల్లు చేరబోవు శిష్యునకు తల్లిని, తండ్రిని, ఆచార్యుని వరుసగా దైవముగా భావింపుమని బోధించుచున్నది. ఆ బోధ చేయుచున్నవాడు ఆచార్యుడే యనుట గమనింపదగినది. తనకంటె ముందుగా తల్లిని, తండ్రిని నిలిపిన గురువు, విద్య తనతో ఆరంభము కాలేదని ఒప్పుకొనుచున్నాడు.

ప్రహ్లాదచరిత్ర ఈ విషయమునకు మరియొక పార్శ్వమును చూపును. హిరణ్యకశిపుడు కుమారుని చదువును అశ్రద్ధ చేసిన తండ్రి కాడు. కుమారుని చండామార్కులకు అప్పగించెను. ఏమి నేర్చితివని దగ్గరకు పిలిచి అడిగెను. కాని తన మాటనే కుమారుని నోట వినగోరెను. అది వినబడనపుడు గురువులపై మండిపడెను, పిమ్మట కుమారుని హింసించెను. గురువులు భయపడి తమ తప్పేమియు లేదని మొరపెట్టుకొనిరి. తండ్రికి అధికారమున్నది, గురువులకు పదవి యున్నది. బిడ్డ మాటను ఆలకించినవారు మాత్రము ఆ ఇద్దరిలో ఎవరును లేరు. తల్లిదండ్రుల శ్రద్ధ యొక్కటియే చాలదనియు, ఆ శ్రద్ధ ఎవరి మేలు కొరకో తరచి చూచుకొనవలెననియు తెలుగువారు చిరకాలముగా విన్న ఈ కథ హెచ్చరించుచున్నది.

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మదరాసు నుండి బయలుదేరిన కూలీలతో డర్బను రేవు చేరెను. నాటినుండి 1911 వరకు నేటాలునకు వచ్చిన ఒప్పందపు కూలీలు 1,52,000 మందికి పైబడిరి. వారిలో తెలుగు దేశపు పల్లెలనుండి వచ్చినవారు అనేకులు. చెరకు తోట యజమానికి కావలసినది వారి చేతులు; వారి బిడ్డల చదువుతో అతనికి పనిలేదు. ప్రభుత్వము భారతీయ బాలబాలికలకు చాలినన్ని బడులు కట్టనందున, జనులే చందాలు పోగుచేసి బడులు కట్టుకొనిరి. కట్టడపు భారము చాలవరకు సమాజమువారిది. ఉపాధ్యాయుల జీతములకు ప్రభుత్వ సహాయధనము. నేటాలులో ప్రభుత్వ సహాయక పాఠశాలలని పేరుపొందిన బడులు ఇట్లు వెలసినవే. భారత ప్రభుత్వపు తొలి ఏజెంటుగా 1927లో వచ్చిన శ్రీ వి. ఎస్. శ్రీనివాసశాస్త్రిగారి ప్రోత్సాహముతో, భారతీయుల విరాళములతో లేచిన శాస్త్రి కళాశాల 1929లో డర్బనులో తెరువబడెను. అటుపిమ్మటను చోటు చాలక, ఒకే భవనములో ఉదయము ఒక జట్టు పిల్లలు, మధ్యాహ్నము మరియొక జట్టు పిల్లలు చదివిన రోజులను పెద్దలు ఇంకను జ్ఞాపకము చేసికొనుచున్నారు.

ఆ బడులు కట్టినవారిలో పెక్కుమంది వ్రేలిముద్ర వేయువారు. పార్లమెంటులో వారి పక్షమున మాట్లాడువారు లేరు. విద్యావిషయమున తల్లిదండ్రులకు హక్కు కలదని చెప్పిన చట్టమేదియు వారి చేతిలో లేదు. అయినను బిడ్డ చదువు తమ బాధ్యత యని వారు తలచిరి. హక్కు లేని కాలమున బాధ్యతను మోసినవారు వారు. హక్కు లభించిన కాలమున వారి మనుమలు, మునిమనుమలు ఏమి చేయుచున్నారనునదే నేటి ప్రశ్న.

నడుమ వచ్చిన వర్ణవివక్ష కాలమున ప్రభుత్వము పాఠశాలలను తన సిద్ధాంతమునకు సాధనముగా చేసికొనెను. 1953 నాటి చట్టము ఆఫ్రికను బిడ్డల చదువును తక్కువ స్థాయి బ్రతుకునకు సిద్ధపరచుటకై ప్రత్యేకించెను. 1965 నాటి చట్టముతో భారతీయుల విద్య ప్రత్యేక శాఖ అధీనమునకు పోయెను. సొవేటోలో ఆఫ్రికాన్సు భాషలో పాఠములు చెప్పవలెనను ఉత్తరువును తల్లిదండ్రులు, పాఠశాల సంఘములవారు వలదనిరి, అధికారులు లెక్కచేయలేదు. 1976 జూను 16వ తేదీన బిడ్డలే వీథిలోనికి వచ్చిరి. తుపాకులకు ఎదురు నిలిచిరి. కన్నవారి మాటను త్రోసిపుచ్చిన ప్రభుత్వము ఎంత దూరము పోగలదో ఆ దినమున లోకమునకు తెలిసెను.

ఈ అనుభవము వలననే 1996 నాటి దక్షిణాఫ్రికా పాఠశాలల చట్టము తల్లిదండ్రులను పాఠశాల పాలనలో ప్రధాన స్థానమున నిలిపెను. ప్రతి ప్రభుత్వ పాఠశాలకును ఒక పాలకమండలి యుండవలెను. అందులో ఓటు గల తక్కిన సభ్యులందరి మొత్తముకంటె తల్లిదండ్రుల ప్రతినిధులు ఒకరు ఎక్కువగా నుండవలెను. అధ్యక్షుడు తల్లిదండ్రుల ప్రతినిధియే కావలెను. ఉన్నత తరగతులు గల బడులలో విద్యార్థి ప్రతినిధులకును చోటు కలదు. పాఠశాల ఆదాయవ్యయ పట్టికను, జీతపు రుసుమును తల్లిదండ్రుల సభ ముందుంచి వారి ఆమోదము పొందవలెను. 'తల్లిదండ్రులు' అను మాటకు ఆ చట్టము చెప్పిన అర్థము కూడ విశాలమైనది: బిడ్డ చదువు బాధ్యతను స్వీకరించిన అమ్మమ్మకైనను, పినతండ్రికైనను, మేనమామకైనను ఆ స్థానము చెల్లును. ఉమ్మడి కుటుంబమును ఎరిగిన తెలుగువారికి ఇది సహజముగా తోచును.

ఇంతటి అధికారమునకు హద్దు ఎక్కడ? రాజ్యాంగ న్యాయస్థానమువారి మూడు తీర్పులు ఈ విషయమును స్పష్టపరచినవి.

మొదటిది 2000 సంవత్సరపు తీర్పు. పాఠశాలలలో దెబ్బలు కొట్టుటను చట్టము నిషేధించగా, 196 ప్రైవేటు క్రైస్తవ పాఠశాలల సంఘమువారు తమ మతవిశ్వాసము ప్రకారము బిడ్డలను దండించు అధికారమును తల్లిదండ్రులు ఉపాధ్యాయులకు ఈయవచ్చునని వాదించిరి. న్యాయస్థానము అంగీకరింపలేదు. తల్లిదండ్రుల సమ్మతియైనను బిడ్డ గౌరవమును తగ్గింపజాలదు. ఆ బిడ్డల అభిప్రాయమును విచారణలో వినిపించువారు లేకపోయినందుకు న్యాయమూర్తి ఆల్బీ సాక్సు విచారమును వెలిబుచ్చెను.

రెండవది డర్బను నగరపు వ్యవహారము, 2007 నాటి తీర్పు. దక్షిణ భారత సంతతికి చెందిన ఒక బాలిక తన కుటుంబాచారము ప్రకారము ముక్కుపుడక ధరించి బడికి వచ్చెను. పాఠశాల నియమావళి దానికి ఒప్పుకొనలేదు. బిడ్డ నియమములకు లోబడునట్లు చూతునని చేర్చునాడు తల్లి సంతకము చేసియుండెను. అయినను ఆచారము యొక్క అర్థమును వివరించి ఆమె పాఠశాలకు లేఖ వ్రాసెను. వినకపోగా న్యాయస్థానముల మెట్లెక్కెను. ప్రధాన న్యాయమూర్తి పయస్ లాంగా ఆ కుటుంబమునకు అనుకూలముగా తీర్పు చెప్పెను. విద్యార్థులను, తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను సంప్రదించి, మతాచారములకు తగిన చోటు కల్పించునట్లు నియమావళిని సవరింపుమని పాలకమండలిని ఆదేశించెను. తీర్పు వచ్చునాటికి ఆ బాలిక బడి విడిచిపోయెను. ఆ తల్లి పోరాటము వలన మేలు పొందినవారు ఆమె వెనుక వచ్చిన బిడ్డలు. ఇచ్చటను బాలిక స్వయముగా సాక్ష్యమిచ్చియుండిన బాగుండెడిదని న్యాయస్థానము పలికెను.

మూడవది 2009 నాటి ఎర్మెలో పట్టణపు తీర్పు. అచ్చటి ఒక పాఠశాల ఆఫ్రికాన్సు భాషలోనే బోధించుచుండెను. బడిలో చోటుండియు, ఇంగ్లీషులో చదువగోరిన 113 మంది బిడ్డలను ఆ భాషావిధానము కారణముగా చేర్చుకొనలేదు. పాలకమండలి అధికారమును అధికారులు లాగుకొని కొత్త విధానము చేయించిన పద్ధతి చట్టవిరుద్ధమని న్యాయస్థానము చెప్పెను. అంతటితో ఊరకుండక, పాలకమండలి తన బడిలోనున్న బిడ్డలను మాత్రమే కాక చుట్టుప్రక్కల సమాజపు అవసరమును కూడ తలంచి తన విధానమును పునరాలోచింపవలెనని ఆజ్ఞాపించెను. ఇరుపక్షములకును బుద్ధి చెప్పిన తీర్పు అది.

ఈ మూడింటిని కలిపి చూచిన ఒక సూత్రము దొరకును. కోవెల తాళపుచెవులు ధర్మకర్త చేతనుండును. కోవెల అతని సొత్తు కాదు. దేవుని సొమ్మునకు అతడు కాపరి. కోవెలకు అన్యాయము జరిగినచో అతడు ఎదిరింపవలెను. దర్శనమునకు వచ్చిన వారిని వాకిట నిలిపి వెళ్లగొట్టుటకు మాత్రము అతనికి అధికారము లేదు. బిడ్డ చదువు విషయమున తల్లిదండ్రుల స్థానము ఇట్టిది. ముక్కుపుడక కొరకు పోరాడిన తల్లి ధర్మకర్త పని చేసెను. దండనాధికారమును కోరినవారును, ఇతరుల బిడ్డలకు వాకిలి మూసినవారును యజమానులమని భ్రమపడిరి. ప్రభుత్వమునకును ఇదే నీతి వర్తించును. బిడ్డ దాని సొత్తు కూడ కాదు.

2024 సెప్టెంబరులో అధ్యక్షుడు సిరిల్ రామఫోసా సంతకము చేసిన సవరణ చట్టము, బడిలో చేర్చుకొను విధానమును, భాషావిధానమును విద్యాశాఖాధిపతి ఆమోదమునకు లోబరచెను. కొందరు దీనిని తల్లిదండ్రుల హక్కునకు గొడ్డలిపెట్టనిరి. మరికొందరు వాకిట నిలిచిపోయిన బిడ్డలకు న్యాయమనిరి. రెండు మాటలలోను కొంత సత్యము కలదు. పాలకమండలులు కొన్నిచోట్ల యజమానులవలె ప్రవర్తించినందున అధికారులకు ఈ అవకాశము కలిగెను. అధికారులు రేపు యజమానులు కాకుండ చూచుటకు మేల్కొనియున్న తల్లిదండ్రులు తప్ప వేరు ఆధారము లేదు.

తెలుగు భాష విషయము ఈ సందర్భమున ఆలోచింపదగినది. దక్షిణాఫ్రికా రాజ్యాంగపు ఆరవ విభాగము, గుజరాతీ, హిందీ, తమిళము, ఉర్దూ మొదలగు వానితో పాటు తెలుగును కూడ పేర్కొని, ఆ భాషలను ప్రోత్సహించి గౌరవింపజేయు కర్తవ్యమును భాషామండలికి అప్పగించినది. ఆంగ్ల ప్రతిలో ఆ పేరు 'తెలెగు' అని అచ్చయినది. అక్షరము తప్పినను గౌరవము దక్కినది. కాని రాజ్యాంగములోని పేరు తనంతట తాను నడచి తరగతి గదిలోనికి రాదు. తల్లిదండ్రులు కోరవలెను, పాలకమండలి సభలో లేచి అడుగవలెను, అంతకు ముందు ఇంట ఆ భాష వినబడవలెను. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలన్నది ఇందులకే. అయితే కోరుటకు ముందు బిడ్డతో ఒకమారు మాట్లాడవలెను. బలవంతముగా మ్రింగించిన మాతృభాష బిడ్డకు చేదుగానే యుండును.

కూలి పని, కర్మాగారపు రాత్రి పని, దుకాణపు పని చేయు తల్లిదండ్రులకు సభలకు పోవు తీరిక ఎక్కడిదని కొందరందురు. ఆ మాట కొట్టివేయదగినది కాదు. సభను సాయంకాలము పెట్టక, జనులకు తెలిసిన మాటలలో విషయము చెప్పక, వారు రాలేదని నిందించుట న్యాయము కాదు. చదువుకొన్న నలుగురే కుర్చీలలో కూర్చున్నచో ఆ నలుగురి బిడ్డల బాగే బడి బాగుగా కనబడును. కాని, బిడ్డకు శిక్ష పడిననాడు మాత్రమే బడికి వచ్చి ఉపాధ్యాయునిపై కేకలు వేయు అలవాటు తీరిక లేమి వలన కలిగినది కాదు. సంవత్సరమునకు ఒకమారు సభకు పోవుటకు, మూడేండ్లకు ఒకమారు పాలకమండలికి ఓటు వేయుటకు, దినమునకొకమారు బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని నేడు బడిలో ఏమి జరిగెనని అడిగి, చెప్పినది ఓపికతో వినుటకు గొప్ప చదువు అక్కరలేదు.

వ్రేలిముద్ర వేసి బడి కట్టిన పెద్దలు ఆ బడిని తమ సొత్తని అనుకొనలేదు. తమ బిడ్డల తరువాత ఎవరి బిడ్డలు వత్తురో ఎరుగకయే వారు ఇటుక మోసిరి. నేడు ఆ గదులలో కొన్నిచోట్ల జూలూ బిడ్డలు, తెలుగు బిడ్డలు ఒకే బల్లపై కూర్చుండి చదువుచున్నారు. వాకిట బిడ్డ చేయి విడిచిన తల్లి, ఆ బల్లపై తన బిడ్డ ప్రక్కన కూర్చున్న బిడ్డ మేలును కూడ కోరగలిగిననాడు, పెద్దలు మోసిన ఇటుకకు ఫలము దక్కును.