మూటలు మోసినవాళ్ల వైపు

ఎవరెస్టు కథ చెప్పేటప్పుడు శిఖరం దగ్గర నేను తొందరపడతాను. నా మనసు ఆగేది దానికి కాస్త కింద. 1953 మే 26న బ్రిటిష్ దళంలోని టామ్ బోర్డిలన్, చార్లెస్ ఎవాన్స్ దక్షిణ శిఖరం దాకా ఎక్కారు. కొస ఇంకో మూడు వందల అడుగులే ఉంది. ఎవాన్స్ ఆక్సిజన్ పరికరం ఇబ్బంది పెట్టింది, పొద్దు దాటిపోతోంది, వెనక్కి తిరిగారు. అదే రోజు దళనాయకుడు జాన్ హంట్, షెర్పా దా నామ్‌గ్యాల్ సామాను మోసుకెళ్లి గట్టు మీద దించి వచ్చారు. రెండు రోజుల తర్వాత జార్జ్ లో, ఆల్ఫ్ గ్రెగరీ, ఆంగ్ నీమా ఆ సామానునూ కలుపుకుని 27,900 అడుగుల దాకా చేర్చి, అక్కడ ఇద్దరిని వదిలి దిగిపోయారు. ఆ ఇద్దరూ టెన్జింగ్, హిల్లరీ. మే 29న పొద్దున్న పదకొండున్నరకు వాళ్లు పైనున్నారు.

అండమాన్‌లో మా చౌల్దారీలో సాయంత్రం పూట నా దగ్గరికి చదువుకోడానికి వచ్చే పిల్లలకు ఈ దిగిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెబుతాను. బడిలో హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు. వీళ్ల తాతలు శ్రీకాకుళం నుంచి విశాఖ ఓడెక్కి వచ్చారు. మంచు ఎలా ఉంటుందో వీళ్లకు తెలీదు. మన ద్వీపాల్లో అన్నిటికన్నా ఎత్తయినది డిగ్లీపూర్ దగ్గరి శాడిల్ పీక్, 732 మీటర్లు. అలాంటివి పన్నెండు ఒకదాని మీదొకటి నిలబెట్టినా ఎవరెస్టుకు ఇంకో అరవై మీటర్లకు పైగా తక్కువేనని లెక్క కట్టించినప్పుడు నోళ్లు తెరిచారు. బర్మాలోని అరకాన్ యోమా కొండల వరుసే సముద్రం అడుగున ఇటు సాగి, దాని కొసలు ఇలా తేలి మన ద్వీపాలయ్యాయని చెబితే అంతకన్నా ఎక్కువ మురిసిపోయారు. మనం ఉంటున్నదీ కొండకొసనేగా అన్నాడొకడు.

మోసినవాళ్ల పేర్లు అయ్యాక ఒక పిల్ల అడిగింది: "మరి ఆళ్లకి పైకెక్కాలని ఉండదా, మాస్టారూ?"

ఆ పిల్ల తండ్రి రేవులో బరువులు మోస్తాడు.

ఆ ప్రశ్న తర్వాత నన్ను నేను చాలా తవ్వుకున్నాను. వెనక్కి తిరిగినవాళ్లంటే, పేరు రానివాళ్లంటే నాకెందుకింత ఇష్టం? అందులో న్యాయబుద్ధి ఉంది, కాదనను. కానీ దాని అడుగున భయం కూడా ఉంది. ఆశపడి అందుకోలేకపోతే ఆ బాధ ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఈ పిల్లలకు అది తగలకూడదని నా కోరిక. అందుకే అందుకోకపోవడంలోని గొప్పతనాన్ని ముందుగా వాళ్ల చేతిలో పెడుతున్నానేమో. మోయడం ఎంత గొప్పో హంట్ లాంటి సైనికాధికారి కొడుక్కి చెప్పడం వేరు, రేవు కూలీ కూతురికి చెప్పడం వేరు. తరతరాలుగా ఇతరుల బరువు మోస్తున్న ఇళ్లలో పిల్లలకు కలిసి పనిచేయడం గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? అలివి వల లాగేటప్పుడు రెండు తాళ్లకూ జనం సరిపోకపోతే వల ఒడ్డుకు రాదని వీళ్లకు నాకన్నా బాగా తెలుసు. వీళ్లకు ఎవరూ పెద్దగా చెప్పని మాట ఇంకొకటి ఉంది: నువ్వు కూడా పైకి వెళ్లాలని కోరుకోవచ్చు.

అప్పటి నుంచి కథను పూర్ణ, ఆనంద్‌లతో మొదలుపెడుతున్నాను. మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, వ్యవసాయ కూలీల బిడ్డ. సాధనపల్లి ఆనంద్ కుమార్‌ది ఖమ్మం జిల్లా. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకున్నారు. భువనగిరి ఏకశిల మీద శిక్షకుడు శేఖర్ బాబు దగ్గర తాడు పట్టడం నేర్చుకుని, డార్జిలింగ్, లదాఖ్‌లలో ఆరితేరారు. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి శిఖరానికి చేరారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడడానికి ఇంకా వారం ఉంది.

ఈ కథలోనూ మోసినవాళ్లున్నారు. అప్పటి గురుకులాల కార్యదర్శి ప్రవీణ్ కుమార్, షెర్పాలు, శిక్షణలో పక్కన నడిచి పైకి ఎంపిక కాని పిల్లలు. ఆ ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు మంచుప్రపాతంలో హిమపాతం పడి పదహారు మంది కొండపని మనుషులు చనిపోయారు. వాళ్లూ మోస్తున్నవాళ్లే. ఇది చెప్పకుండా నేను పూర్ణ విజయం చెప్పలేను. పూర్ణ, ఆనంద్ అంబేడ్కర్ బొమ్మతో పాటు ఎస్.ఆర్. శంకరన్ బొమ్మను కూడా పైకి తీసుకెళ్లారు. వెట్టిచాకిరీ నుంచి మనుషులను విడిపించడానికి, పేదపిల్లల చదువుకు ఉద్యోగ జీవితమంతా ధారపోసిన ఆ ఐ.ఏ.ఎస్. అధికారి 2010లోనే కన్నుమూశారు. ఈ కథలో నాకు గొంతు పట్టేసే చోటు ఇదే. తమ బరువు ఎవరు మోశారో ఆ పిల్లలకు తెలుసు. తెలిసి, పైకి వెళ్లారు. ఆ రెండూ ఒకే మనసులో ఇముడుతాయని నేను ఇంత ఆలస్యంగా ఒప్పుకుంటున్నాను.

ఆనంద్ పేరును మాత్రం పత్రికలు చాలాసార్లు రెండో వాక్యానికి నెట్టాయి. ఆడపిల్లల్లో అతి చిన్న వయసు రికార్డు పూర్ణది కాబట్టి. నేను ఇద్దరి పేర్లూ ఒక్క ఊపిరిలో పలుకుతాను, ఇందులో నా పాత పక్షపాతం ఉంటే ఉండనీ.

టెన్జింగ్‌ను కూడా ఇప్పుడు వేరేగా చెబుతున్నాను. 1935లో ఎరిక్ షిప్టన్ దళంలో కూలీగా మొదలుపెట్టినవాడు. 1952లో స్విస్ దళం అతన్ని ఆరోహకుడిగా తమలో ఒకడిగా చూసింది. 1953 అతని ఏడో ఎవరెస్టు యాత్ర. ముందు ఏడాది తనతో తాడు పంచుకున్న రేమాన్ లాంబేర్ ఇచ్చిన ఎర్ర మఫ్లర్ కట్టుకుని పైకి వెళ్లాడు. ముందు అడుగు ఎవరిదని లోకం వేధించినప్పుడు, హిల్లరీదేనని తన ఆత్మకథలో తనే చెప్పేశాడు. ఆ పిల్ల అడిగినదానికి జవాబు టెన్జింగే: ఉంటుందమ్మా, ఎంతో ఉంటుంది.

ఇంకొకటి తేలలేదు నాలో. ఆ పిల్లే రేపు డార్జిలింగ్ వెళ్తానంటే, ప్రాణం పోయినా బాధ్యత మాదేనన్న కాగితం మీద సంతకం పెట్టమని వాళ్ల నాన్నకు నేను చెప్పగలనా? దారిలో శవాలు కనిపించాయని పూర్ణ చెప్పింది. పద్నాలుగేళ్లు నిండని పిల్లకు అంత ప్రమాదం తగునా అని అప్పట్లో అడిగినవాళ్లను నేను తప్పు పట్టను. నాలో సగం ఇంకా వాళ్ల పక్కనే నిలబడి ఉంది. అయినా ఆ పిల్ల అడిగితే వాళ్లింటికి వెళ్తాను. హిమపాతం సంగతి, శవాల సంగతి, తిరిగి దిగిరావడం కూడా ఎక్కడంలో భాగమేనన్న సంగతి, ఆ తండ్రికి ఏదీ దాచకుండా చెబుతాను. నాకు భయమేస్తోందని కూడా చెబుతాను. ఆ తర్వాత వాళ్లమ్మాయిని పిలిచి, తనేమంటుందో ఇద్దరం కూర్చుని వింటాం.