నమ్మకాన్ని ఎవరెదుట విచారించాలి?

1933లో తెలుగునాట దేవుడి చుట్టూ రెండు సంగతులు జరిగాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్ర విశ్వవిద్యాలయం) పిలుపు మీద రవీంద్రనాథ్ టాగూర్ వాల్తేరు వచ్చి 'మానవుడు' అనే అంశం మీద ప్రసంగాలు చేశారు. ఒక్కొక్కరిలో ఉండే చిన్న 'నేను'కూ, అందరిలోనూ ఉన్న మహామానవుడికీ ఉన్న బంధమేమిటన్నది వాటి సారం. అదే ఏడాది కాకినాడలో, పిఠాపురం రాజా కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే గోపరాజు రామచంద్రరావు నాస్తిక భావాల వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నారు. తర్వాత లోకం ఆయన్ని గోరా అని పిలిచింది. ఒకే తీరం, ఒకే సంవత్సరం. ఒక విద్యాలయం దేవుడి గురించి ఆలోచించమని ఒక కవిని వేదిక ఎక్కించింది, ఇంకొక విద్యాలయం దేవుడి గురించి వేరేగా ఆలోచించిన మాస్టారిని గేటు దాటించింది.

దేవుడి గురించి మాట్లాడే సభలకు మనకు ఏనాడూ కరువు లేదు. శ్రీరామనవమి పందిళ్లలో హరికథ, కార్తీకంలో పురాణం, చర్చి కూటాలు, మసీదులో ప్రసంగం అన్నీ ఉన్నాయి. అక్కడికి వచ్చేవాళ్లు ముందే నమ్మి వస్తారు. విశ్వవిద్యాలయ సభ అలాంటిది కాదు. చెప్పిన తర్వాత ఎవరైనా లేచి 'నేను ఒప్పుకోను, ఎందుకంటే' అనగలగాలి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. అక్కడ చాలాసార్లు చర్చకు వచ్చేది చెప్పేవాళ్ల నమ్మకం కాదు, ఇంకెవరిదో నమ్మకం. ఆ నమ్మకం లేనివాళ్లు, ఆ మనుషులు లేనిచోట, దాన్ని విడమర్చి కారణాలు చెప్పినప్పుడు ఏం మిగులుతుంది? నమ్మకానికి కారణం చెప్పడమంటే దాన్ని అర్థం చేసుకోవడమేనా?

ఈ ప్రశ్న వేసుకోవడానికి నర్సీపట్నం కంటే తగిన ఊరు లేదు. మైదానం అక్కడితో ఆగి, కొండ అక్కడ మొదలవుతుంది. ఊరి పక్కన బలిఘట్టంలో వరాహ నది ఉత్తరంగా తిరిగి ప్రవహించే చోట బ్రహ్మలింగేశ్వరుడి గుడి ఉంది. బలిచక్రవర్తి యాగం చేసిన చోటని భక్తులు చెప్పుకుంటారు. పైకి వెళితే లంబసింగి, చింతపల్లి. ఆ కొండల్లో చైత్రంలో ఇటుకల పండుగ చేసి, విత్తనాలకు మొక్కి, మగవాళ్లు వేటకు వెళ్తారు. రెండు లోకాల దేవుళ్లు ఇంత దగ్గరగా ఉన్న పట్టణంలో ఒకరి నమ్మకం గురించి ఇంకొకరు మాట్లాడడం రోజూ జరిగేదే.

అల్లూరి సీతారామరాజు కథ కూడా ఈ ఊరిని ఒరుసుకుంటూనే పోయింది. సహాయ నిరాకరణ రోజుల్లో ఆయన కృష్ణదేవిపేట పరిసరాల్లో సన్యాసిలా ఉంటూ కల్లు, సారా మానమనీ, తగవులు కోర్టులకు కాకుండా పంచాయితీలకు తేవాలనీ చెప్పేవారు. అధికారులకు అనుమానం వచ్చి ఆయన్ని కొంతకాలం నిఘాలో ఉంచారు. ఆయనా, ఆయన అనుచరులూ 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడి చేసి తుపాకులు పట్టుకుపోయారు. మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగాయి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

గాం గంటందొర, గాం మల్లుదొర, వాళ్లతో పాటు వందలమంది కొండవాళ్లు కిందినుంచి వచ్చిన ఈ క్షత్రియ యువకుడి వెంట ఎందుకు నడిచారు?

చరిత్రకారుడి దగ్గర గట్టి జవాబు ఉంది. 1882 మద్రాసు అడవి చట్టం పోడు మీద పట్టు బిగించింది. జీలుగు కల్లు గీసుకునే హక్కు పోయి ఆబ్కారీ కాంట్రాక్టర్లు వచ్చారు. ముఠాదార్లుగా తరతరాలుగా పెత్తనం చేసిన కుటుంబాలు గిడసబారిపోయాయి. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ ఘాట్ రోడ్డు పనిలో సరైన కూలి ఇవ్వకుండా జనాన్ని పిండాడు. అర్థశాస్త్రజ్ఞుడు దీనికి వడ్డీ వ్యాపారుల అప్పులు కలుపుతాడు. రాజనీతిశాస్త్రం గాంధీ పేరు కొండల్లోకి ఎలా చేరిందో చెబుతుంది. మానవశాస్త్రవేత్త భగతల్లో, కోయల్లో, కొండదొరల్లో పెద్దరికం ఎలా పుడుతుందో చూపిస్తాడు. ఇవన్నీ నిజాలే. ఒక్కటి తీసేసినా కథ కుంటుతుంది.

అయినా మన్యంలో ఆయన గురించి చెప్పుకున్న మాటల్లో తపస్సు ఉంది, మహిమ ఉంది, తూటా తగలదన్న నమ్మకం ఉంది. సెమినార్ పత్రాల్లో ఇది సాధారణంగా ఒక్క వాక్యంలో తేలిపోతుంది: నాయకుడు ప్రజల మత విశ్వాసాలను వాడుకున్నాడు. ఆ వాక్యంలో పెద్ద అన్యాయం ఉంది. దాని ప్రకారం కొండవాడికి ఆకలి నిజం, అప్పు నిజం, దేవుడు మాత్రం ఆ ఆకలికి తొడిగిన చొక్కా. వాడి లోపల వాడికే తెలియని అసలు కారణం మనకు తెలుసు అన్నమాట.

చరిత్రకారుడు రణజిత్ గుహా 1983లో ఈ అలవాటునే పట్టుకుని నిలదీశారు. 1855 సంతాల్ తిరుగుబాటు నాయకులు సిద్ధు, కానూ తమను కదిలించింది ఠాకూరేనని, తమ దేవుడే యుద్ధం చేస్తాడని ప్రకటించారు. దొరల రికార్డు దాన్ని మూఢత్వమన్నది. ఆ దొరల్ని తిట్టిన అభ్యుదయ చరిత్రకారులు కూడా దాన్ని పక్కకు నెట్టి దోపిడీనే కారణంగా చూపించారు. తిరగబడ్డవాడి మాట మాత్రం రెండుచోట్లా గల్లంతైంది. మరో చరిత్రకారుడు దీపేశ్ చక్రవర్తి తర్వాత దీన్ని మరింత ముందుకు తీసుకెళ్లి ఒక కఠినమైన సంగతి ఒప్పుకున్నారు: చరిత్రకారుడు 'సంతాలులు అలా నమ్మారు' అని రాయగలడు గాని, 'ఠాకూరు చేయించాడు' అని రాయలేడు. ఆ రెండు వాక్యాల మధ్య ఖాళీని ఏ శాస్త్రమూ పూడ్చలేదు. కనీసం ఆ ఖాళీ ఉందని సభలో పైకి చెప్పడం నిజాయితీ.

ఆఫ్రికాలో అజాండే ప్రజల మధ్య ఉండి వచ్చిన మానవశాస్త్రవేత్త ఎవాన్స్ ప్రిచర్డ్ 1937లో వేసిన పుస్తకంలో ఒక ఉదాహరణ ఉంది. అది ఈ ఖాళీని బాగా చూపిస్తుంది. ధాన్యం గాదె కూలి, దాని నీడన కూర్చున్నవాళ్లు దెబ్బతింటారు. చెదలు తిని స్తంభాలు డొల్లయ్యాయని అజాండేలకు మనకంటే బాగా తెలుసు. అయినా వాళ్లు చేతబడి అంటారు. సరిగ్గా ఆ మనుషులే, సరిగ్గా ఆ క్షణంలోనే ఆ నీడన ఎందుకున్నారన్నది వాళ్ల ప్రశ్న. దానికి చెదలు జవాబు కాదు. శాస్త్రం 'ఎలా'కు జవాబు చెప్పి 'ఎందుకు'కు కూడా చెప్పేశానని అనుకుంటుంది. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి వరండాలో కూర్చున్న తల్లి కూడా వైద్యుడు చెప్పిన రోగం పేరు విని, ఒప్పుకుని, ఇంటికి వెళ్లి ముడుపు కడుతుంది. ఆమె అయోమయంలో లేదు. ఆమె దగ్గర రెండు ప్రశ్నలున్నాయి.

దీనికి ఎదురు వాదం ఒకటుంది, తేలిగ్గా కొట్టివేయడానికి వీల్లేనిది. 1900లో విశాఖ ఏజెన్సీలోని కొర్రవానివలసలో కొర్ర మల్లయ్య తాను పాండవుల్లో ఒకరి అవతారమనీ, తన పసిబిడ్డ కృష్ణుడనీ ప్రకటించాడు. తన వాళ్ల చేతుల్లో వెదుళ్లు తుపాకులవుతాయనీ, సర్కారు ఆయుధాలు నీళ్లవుతాయనీ చెప్పాడు. వేలమంది చేరారు. పట్టుకోబోయిన కానిస్టేబుళ్లు ఇద్దరు చనిపోయారు. తర్వాత పోలీసులు కాల్చారు. పదకొండుమంది కూలిపోయారు. వెదుళ్లు వెదుళ్లుగానే ఉన్నాయి. మరి ఈ నమ్మకాన్ని గౌరవించడమంటే ఏమిటి? గోరా బతికుంటే ఈ ప్రశ్నే అడిగేవారు, గట్టిగానే అడిగేవారు. అంటరానితనం దైవనిర్ణయమని నమ్మిన ఊళ్లలో తిరిగిన మనిషి ఆయన. నమ్మకాలన్నిటికీ దండం పెట్టే సభ వల్ల లాభం లేదని ఆయన అంటే కాదనడం కష్టం.

కాదనక్కర్లేదు కూడా. మల్లయ్య మాట తప్పు. తప్పని చెప్పాలి. కాని తప్పని చెప్పే ముందు ఆ మాట ఏమిటో పూర్తిగా వినాలి. ఇక్కడే ఒక ఇబ్బంది: మల్లయ్య గురించి మనకు తెలిసిందంతా 1907లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ కూర్చిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు వంటి సర్కారు రాతల్లోంచి వచ్చిందే. వెదురు, తుపాకి, నీళ్లు అన్న ఆ మాటలు మల్లయ్య ఏ సందర్భంలో, ఏ భాషలో అన్నాడో, విన్నవాళ్లు దాన్ని మంత్రంగా తీసుకున్నారో, ధైర్యం చెప్పడంగా తీసుకున్నారో ఆ రాత చెప్పదు. కాల్చినవాళ్ల కాగితమే అక్కడ సాక్షి.

మన తత్త్వశాస్త్రంలో ఈ అన్యాయానికి పాత ఉదాహరణ ఉంది. పద్నాలుగో శతాబ్దంలో మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహాన్ని చార్వాక మతంతో మొదలుపెట్టాడు. అద్వైతి అయివుండీ, దేవుడు లేడన్నవాడికి మొదటి అధ్యాయం ఇచ్చాడు. వాచస్పతి మిశ్రుడు న్యాయం, సాంఖ్యం, యోగం, మీమాంస, అద్వైతం అన్నిటికీ వ్యాఖ్యలు రాస్తూ ఏ దర్శనం రాస్తే ఆ దర్శనపు గొంతుతోనే రాశాడు. పూర్వపక్షాన్ని ఎదుటివాడు 'అవును, నేనన్నది ఇదే' అని ఒప్పుకునేలా చెప్పాకే ఖండించాలన్నది మన పండితులు పెట్టుకున్న మర్యాద. చాలా గొప్ప మర్యాద. అయినా చార్వాకుల పుస్తకాలు మనకు దక్కలేదు. వాళ్లు ఏమన్నారో వాళ్ల ప్రత్యర్థులు చెబితేనే తెలిసింది. వాళ్లు అప్పుచేసి నెయ్యి తాగమన్నవాళ్లుగా మిగిలిపోయారు. ఎంత మర్యాదస్తుడైనా ఇంకొకరి తరఫున మాట్లాడుతూ పోతే చివరకు ఇదే జరుగుతుంది. వాదనలో ఓడినవాడి పక్షం కనీసం శత్రువుల పుస్తకంలోనైనా మిగిలింది. కొండవాడి పక్షం పోలీసు డైరీలో మిగిలింది.

అందువల్ల పూర్వపక్షం చెప్పే మనిషి సభలో ఉండాలి. బహుశాస్త్ర సదస్సులు పెట్టే విశ్వవిద్యాలయాలు నాలుగు విభాగాల ఆచార్యుల్ని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి సరిపెట్టుకుంటున్నాయి. నలుగురూ ఒకే వైపు కూర్చున్నారు, నమ్మినవాడు రెండో వైపు లేడు. ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి రోజుల్లో ఇంతకంటే వెడల్పుగా ఆలోచించింది. 1926లో పుట్టిన ఆ సంస్థకు 1931లో ఉపకులపతి అయిన సర్వేపల్లి రాధాకృష్ణన్ హిందూ దర్శనం మీద ప్రపంచానికి ఉపన్యాసాలిచ్చిన మనిషి. ఆయన హయాంలో తత్త్వశాస్త్రం చెప్పడానికి హుమాయూన్ కబీర్, చరిత్ర, రాజనీతి చెప్పడానికి తర్వాత కమ్యూనిస్టు ఎంపీగా పేరు తెచ్చుకున్న హీరేన్ ముఖర్జీ వాల్తేరులో ఉన్నారు. ఒక వేదాంతి, ఒక ముస్లిం, ఒక మార్క్సిస్టు ఒకే ప్రాంగణంలో పాఠం చెప్పారు. ఆ తర్వాతి తరంలో కొత్త సచ్చిదానందమూర్తి 1959లో అద్వైతంలో శ్రుతికీ తర్కానికీ ఉన్న సంబంధాన్ని ఒక పుస్తకం నిండా విచారించారు. బ్రహ్మ విషయంలో శంకరుడికి ఆఖరి ప్రమాణం శ్రుతే, తర్కం దానికి తోడు మాత్రమే. గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడి నుంచి వచ్చిన ఆయన శ్రుతిని అవమానించకుండానే దాన్ని ప్రశ్నించవచ్చని చేసి చూపించారు.

వాళ్లందరిదీ చదువుకున్నవాళ్ల మధ్య సంభాషణ. ఇప్పుడు కావలసింది ఆ బల్లను వాల్తేరు నుంచి కదిలించడం. అల్లూరి మీద సదస్సు పెడితే నర్సీపట్నంలో పెట్టాలి, ఇంకా మంచిది చింతపల్లిలో. 2022లో కొండ భాగం అల్లూరి పేరుతో వేరే జిల్లా అయింది, నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో ఉంది. కాని సంతకు దిగేవాళ్లు, ఆసుపత్రికి దిగేవాళ్లు, కాలేజీకి దిగేవాళ్లు ఇంకా ఈ ఊరికే వస్తున్నారు. ఇటుకల పండుగ చేయించే పూజారి, పాడేరు మోదకొండమ్మ మొక్కు తీర్చే ఇల్లాలు, తాత ముఠాదారుగా పనిచేసిన కుటుంబంలోని మనిషి మొదటి వరసలో కూర్చోవాలి, అదీ ప్రశ్నలు అడిగేవాళ్లుగా. వాళ్లను శాలువా కప్పి పంపించడం వేరు, 'మా తాతను మీరు అలా ఎందుకు రాశారు' అని అడగనివ్వడం వేరు.

అప్పుడు ఆచార్యుడు ఇబ్బంది పడతాడు. పడాలి. నమ్మినవాడికీ ఆ సభలో ఇబ్బంది ఉంటుంది, గోరా వారసుడు ఎవరో లేచి వెదురు సంగతి అడిగితే జవాబు వెతుక్కోవాలి. ఇందులో ఎవరినీ ఎవరూ మార్చనక్కర్లేదు. న్యాయశాస్త్రం వాదాన్ని జల్పం నుంచి, వితండం నుంచి వేరుచేసింది. గెలవడానికి కాక తెలుసుకోవడానికి చేసేదే వాదం.

పనులు చాలా చిన్నవి. సభ చైత్రంలో పెట్టకూడదు, ఆ రోజుల్లో కొండ మీద పండుగ. ముందు వక్తలు ఇరవై నిమిషాల్లో ముగించాలి, అధ్యక్షుల తొలిపలుకులు, మలిపలుకులు కలిపి పది నిమిషాలు దాటకూడదు. మన సభల్లో ప్రశ్నల సమయాన్ని మింగేది అదే. పత్రాలు తెలుగులో చదవాలి, కొండల్లోని కువి భాష మాట్లాడేవాళ్లు వస్తే వాళ్ల మాటను తెలుగు చేసే మనిషి పక్కన ఉండాలి. 1922 నాటి సర్కారు కాగితాల్లో ఈ ఊళ్ల గురించి ఉన్న భాగాలను తెలుగులోకి తెచ్చి నెల ముందే పంచాలి. ఎవరి తాత పేరు ఎక్కడ ఎలా పడిందో చూసుకుని, ఇంట్లో పెద్దల్ని అడిగి, జనం తయారై రావడానికి ఆ నెల చాలు.