మరలివచ్చిన దారి

స్వామి సన్నిధికి మ్రొక్కు చెల్లింప వచ్చువారు కొందరు. మ్రొక్కు ఫలింపకున్నను మరల వచ్చువారు మరికొందరు. ఈ రెండవవారిని జూచినపుడు నాకు గౌరవ మధికము. కుమార్తె వివాహమునకో, చిరకాలవ్యాధి నివారణకో ఏటేట అదే విన్నపముతో వచ్చి, వట్టిచేతులతో మరలిపోవు గృహస్థుడు ఒకనాడు తన్ను దానే ప్రశ్నించుకొనును: “ఇంకను ఎదురుచూచుట భక్తియా, భ్రాంతియా?” ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఆశను పాశమని నిందించిన పెద్దలే శరణాగతికి మహావిశ్వాసమును ఒక అంగముగా విధించిరి గదా!

భగవద్రామానుజులు (1017–1137) మహాపూర్ణుల ఆదేశమున, రహస్యార్థమును గ్రహింపగోరి శ్రీరంగమునుండి తిరుక్కోష్టియూరునకు, గోష్ఠీపూర్ణుల కడ కేగిరి. గురువు అనుగ్రహింపలేదు. ఇట్లు పదునెనిమిది పర్యాయములు పోయిరని సంప్రదాయము చెప్పుచున్నది. నేటి బాటల లెక్కను ఒక్క దిక్కునకే ఇంచుమించు 100 కిలోమీటర్లు. అందరును పోయిన మారులనే లెక్కింతురు. నాకు మాత్రము తిరుగు ప్రయాణములే తలపునకు వచ్చుచుండును. పోవునపుడు పాదములకు ఉత్సాహము తోడు. మరలునపుడు తోడేది? అప్పటికే వారు శ్రీరంగమున ఆచార్యస్థానము నలంకరించిన యతివరేణ్యులు. ఎదురుచూచుచున్న శిష్యులకు ప్రతిమారును ఏమని చెప్పిరో!

వారు దుఃఖింపలేదని యనరాదు. మిగుల శోకించిరనియే పెద్దలు చెప్పుదురు. కనుక కన్నీరు విశ్వాసమునకు విరోధి కాదు. ఆశ ఫలమును పట్టుకొని వ్రేలాడును. ఫలము జారినంతనే తానును పడును. విశ్వాసమో, ఇచ్చువానిని పట్టుకొనును. ఈయనపుడును ఆయన ఇచ్చువాడే యను నెరుక దానికి గలదు. అట్లని ఓర్చినవారి కెల్ల కోరినది లభించునని నేననను. కొన్ని విన్నపములు ఈ జన్మమున నెరవేరవు. బిడ్డను గోల్పోయిన తల్లికడ ఈ మాటలు వల్లించుట క్రౌర్యమగును. అచ్చట మౌనముగ ప్రక్కన గూర్చుండుటయే మేలు.

తుదకు గురువునుండి పిలుపు వచ్చినది. దండపవిత్రములతో ఒంటరిగా రమ్మని యాజ్ఞ. రామానుజులు దాశరథిని, కూరేశులను వెంటగొని యేగిరి. ఇదేమని గురువు ప్రశ్నింపగా, వీరే నా దండమును పవిత్రమును అని విన్నవించిరి. అన్నిమారులు తలుపు మూయబడినవారు, అది తెరువబడిన దినమున ఒంటరిగా లోనికి బోవ నిచ్చగింపలేదు!

అంతటితో నాగలేదు. ఇతరులకు వెల్లడింపరాదను నియమముతో పొందిన యర్థమును వారు ఆలయముపై కెక్కి, చేరిన జనులకెల్ల చాటిరి. ఆజ్ఞ మీరినందులకు నరకము ప్రాప్తించినను, ఇందరు తరింతురు గదా యని గురువుతో పలికిరట. ఎన్ని మారులో ఆ యూరినుండి వట్టిచేతులతో మరలినవారు, విన వచ్చినవారిలో ఒక్కరిని గూడ అట్లు మరలిపోనీయలేదు. తిరుక్కోష్టియూరున సౌమ్యనారాయణస్వామిని సేవింపబోవు యాత్రికులకు నేటికిని ఆ తావును చూపుదురు.